బోర్డుకు వేడి చేసింది

నాపరాళ్ళపాడు ఉన్నత పాఠశాలకు కంప్యూటరు వచ్చిన రోజున దాన్ని ఎవరూ చూడలేదు. పెట్టె పెద్దది. పెట్టెలో ఇంకో పెట్టె, అందులో థర్మకోల్ దిమ్మలు, వాటి మధ్యన ఒక ప్లాస్టిక్ సంచి. అటెండరు మస్తాన్‌వలి థర్మకోల్ దిమ్మలను రెండు చేతులా జాగ్రత్తగా ఎత్తి హెడ్మిస్ట్రెస్ బల్ల మీద పెట్టి, కంప్యూటరు భలే తేలిగ్గా ఉందని మెచ్చుకున్నాడు. అసలు సంగతి సాయంత్రం గది ఊడ్చేటప్పుడు బయటపడింది. అరచేతిలో ఇమిడే పచ్చటి పలక, దాని మీద ఊళ్ళకు దారులు గీసినట్టు సన్నటి గీతలు, చుట్టూ సబ్బుపెట్టె అంత ప్లాస్టిక్ డబ్బా. అదే కంప్యూటరు. టీవీకి తగిలిస్తే పనిచేస్తుందని తోడు వచ్చిన కాగితంలో ఉంది. చిట్టి మేధ పథకం కింద జిల్లాలో ప్రతి బడికీ ఒకటి పంపారు.

డబ్బా మూతకు గాలి ఆడేందుకు సన్నటి రంధ్రాలు పెట్టారు. సరిగ్గా ఆ రంధ్రాల మీద, కొలిచి కత్తిరించినట్టు, శాఖవారి పట్టీ ఒకటి అంటించి ఉంది: "ఈ ఉపకరణమును వేడి నుండి కాపాడవలెను. ఈ పట్టీని తొలగించువారు శిక్షార్హులు."

డబ్బాతో పాటు ఒక చిన్న అల్యూమినియం ముక్క కూడా వచ్చింది. దానికి పళ్ళున్నాయి. హెడ్మిస్ట్రెస్ తులసీబాయి గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అల్యూమినియం దువ్వెన, చిన్నది, ఒకటి" అని స్టాకులో రాయించి బీరువాలో పెట్టి తాళం వేశారు. కంప్యూటరు పేరు సింగిల్ బోర్డు కంప్యూటరు అని కాగితంలో ఉంది గాని, అంత పేరు బడిలో ఎవరూ పలకలేదు. మొదటి రోజు నుంచీ అది బోర్డు.

దాని బాధ్యత ఎవరిదన్నది స్టాఫ్ మీటింగులో తేల్చారు. సైన్సు మాస్టారు తనకు ల్యాబు ఉందన్నారు. ఆ ల్యాబు తాళంచెవి ఎక్కడుందో ఆయనకే తెలియదు. ఇంగ్లీషు మాస్టారు తాను ఏ క్షణాన బదిలీ మీద వెళ్ళిపోతానో తెలియదన్నారు. పున్నారావు మాస్టారు ఏమీ అనలేదు. ఆయన తెలుగు పండితులు. కిందటి వేసవి నుంచి ఆయన మాట్లాడడం బాగా తగ్గించారు. ఏమీ అననివారు ఒప్పుకున్నట్టేనని మీటింగు తీర్మానించింది.

చలికాలం ఉన్నంతవరకూ బోర్డు బాగానే పనిచేసింది. హెడ్మిస్ట్రెస్ గదిలో టీవీ పక్కన పెట్టారు. ఏడో తరగతి పిల్లలు వంతులవారీగా వచ్చి తమ పేర్లు కొట్టి చూసుకున్నారు. దీవెన అనే పిల్ల తన పేరును టీవీ అంత పెద్దది చేసి, మిరపకోతకు పోతున్న వాళ్ళమ్మను దారిలో ఆపి లోపలికి తీసుకొచ్చి చూపించింది. వాళ్ళమ్మ ఆ పేరును చాలాసేపు చూసి, కింద ఇంటిపేరు కూడా వేయించమని అడిగింది.

శివరాత్రి దాటింది. పల్నాడు ఎండ తన పని మొదలుపెట్టింది. తులసీబాయి గారి గది పడమటి ముఖం, పైన శ్లాబు. మధ్యాహ్నమయ్యేసరికి పిల్లలు ఒక అక్షరం కొడితే బోర్డు నింపాదిగా ఆలోచించి ఆ అక్షరం చూపించేది. కాసేపటికి తెర మూలన చిన్న థర్మామీటరు బొమ్మ వచ్చేది. ఆపైన తెరే ఉండేది కాదు. డబ్బా మీద చెయ్యి పెడితే పెనం మీద పెట్టినట్టుండేది. నివేదిక పంపమని తులసీబాయి గారు చెప్పారు.

పున్నారావు మాస్టారు మాట రాసేముందు దాన్ని తూకం వేసి చూసుకునే మనిషి. "వేడెక్కుతోంది" అని రాయబోయి ఆగారు. వేడెక్కడం రాయి కూడా చేస్తుంది, దానికి బాధ లేదు, పొద్దుగూకితే తనే చల్లబడుతుంది. ఇది అలా లేదు. ఇది తడబడుతోంది, నీరసపడుతోంది, చివరికి సోలిపోతోంది. అందుకని ఆయన ఇలా రాశారు: "మధ్యాహ్నము దాటిన పిదప మా పాఠశాలలోని బోర్డుకు వేడి చేయుచున్నది. తగు చర్య తీసుకొన ప్రార్థన."

ఆ ఒక్క మాట నుంచే తర్వాతదంతా నడిచింది.

మండల కార్యాలయంలో కాగితం చదివిన సూపరింటెండెంటు సంసారి. వేడి చేస్తే ఏం చేయాలో తెలియని తెలుగువాడు ఉండడు. ఆయన రెండో ఆలోచన లేకుండా నివేదికను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపించారు. అక్కడి నుంచి బడికి శ్రీముఖం వచ్చింది: సదరు బోర్డు వయస్సు, లింగము తెలియజేయవలెను.

వయస్సు రెండు నెలలని రాశారు మాస్టారు. లింగం దగ్గర కలం ఆగింది.

ఆయన ఏడో తరగతికి ఏటా మహత్తు, అమహత్తుల పాఠం చెబుతారు. తెలుగులో మగవాడు వచ్చాడు, ఆవు వచ్చింది, ఆమె వచ్చింది. ఆడమనిషికీ ఆవుకూ బల్లకూ క్రియ ఒకటే. పెళ్ళయిన కొత్తలో ఆ పాఠం వరండాలో నిలబడి విని, ఆయన భార్య హైమావతి ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ అడిగింది, "అయితే ఏమండీ, మీ వ్యాకరణంలో నేనూ ఈ పీటా ఒకటేనన్నమాట" అని. క్రియలో మాత్రమేనని, లెక్కపెట్టేటప్పుడు పీట ఒకటి, నువ్వు ఒకరు అని ఆయన సర్దిచెప్పారు. ఆవిడ అదే బడిలో లెక్కల టీచరు. "పోనీలెండి, లెక్కల్లోనన్నా మనిషిని చేశారు" అంది.

మాస్టారు లింగం అన్నచోట "తెలుగు వ్యాకరణము ప్రకారము అమహత్తు" అని రాసి పంపారు. ఆరోగ్య కేంద్రం వారు తమకు తెలిసినట్టు అర్థం చేసుకున్నారు. వారం తిరక్కుండా బోర్డు పేరు మీద ఒక అట్టపెట్టె నిండా ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఒక టీకాల కార్డు, ఆరో నెల వచ్చేవరకూ తల్లిపాలు తప్ప మరేమీ పట్టరాదన్న సూచన వచ్చాయి. మస్తాన్‌వలి పెట్టె మోసుకొచ్చి దించాడు.

"సారూ, ఇయ్యి దాని మీద పొయ్యాలా, కలిపి పక్కన పెట్టాలా?"

ప్రస్తుతానికి లోపల పెట్టమని మాస్టారు చెప్పారు. తులసీబాయి గారు వాటిని దువ్వెన పక్కన సర్దించారు.

కాగితం నకలు జిల్లాకు చేరింది. అక్కడ ఉపకరణ స్వాస్థ్య విభాగం అని కొత్తగా ఒకటి ఏర్పాటై, కుర్చీలు వేసుకుని, పని కోసం ఎదురుచూస్తోంది. దాని అధికారి వైకుంఠరావు గారు స్వయంగా కదిలి వచ్చారు. కారు దిగడానికి ఆయనకు కొంతసేపు పట్టింది, లోపల చల్లగా ఉంది. వెంట ఒక గుమాస్తా. గుమాస్తా చేతిలో కరోనా రోజుల్లో జనం నుదుళ్ళకు గురిపెట్టిన జ్వరం తుపాకీ.

"మాస్టారూ, తమరు వాడిన పదం మాకు మార్గదర్శకమైంది," అన్నారు వైకుంఠరావు గారు. "బోర్డులు వేడెక్కుతున్నాయని జిల్లా నలుమూలల నుంచీ నివేదికలు వచ్చాయి. అవి కొనుగోలు విభాగానికి వెళ్ళాయి, అక్కడే సురక్షితంగా ఉన్నాయి. వేడి చేసింది అన్నది తమరొక్కరే. అది ఆరోగ్య విషయం. తద్వారా మా పరిధిలోకి వచ్చింది."

మాస్టారు నెమ్మదిగా, మూత మీది పట్టీ తీస్తే గాలి ఆడుతుందేమోనని మనవి చేశారు. వైకుంఠరావు గారు వంగి పట్టీని పైకే చదివారు. వేడి నుండి కాపాడవలెనని ఉన్నది ఆ పట్టీ మీదనే గదా, దాన్నే తీసేస్తే ఇక కాపాడేదెవరు అని అడిగారు. ఆ తర్వాత వేడిని పీల్చి గాలికి వదిలే ఉష్ణగ్రాహక ఫలకం అనేదొకటి బోర్డు మీద అమర్చాలని, అది సరఫరా అయిందా అని విచారించారు. అలాంటిదేమీ రాలేదని, దువ్వెన ఒకటి వచ్చిందని తులసీబాయి గారు చెప్పారు. దువ్వెనలు తమ పరిధి కాదని ఆయన అన్నారు.

ఇక బోర్డు స్వభావం గురించి అందరినీ నిలబెట్టి ఉపన్యసించారు. అది మామూలు యంత్రం కాదు. ఎనభై డిగ్రీలు దాటగానే తన వేగం తానే తగ్గించుకుంటుంది. ఇంకా వేడి చేస్తే పని ఆపేస్తుంది. అటువంటప్పుడు దానిని ఎవరూ తొందరపెట్టరాదు, సంజాయిషీ అడగరాదు.

"పని ఆపడానికి అది ఎవరి అనుమతి తీసుకోవాలండీ?" అన్నారు పున్నారావు మాస్టారు.

"ఎవరి అనుమతీ అక్కర్లేదు మాస్టారూ. అది ఆత్మరక్షణ. దాని నిర్మాణంలోనే ఉంది."

మాస్టారు తల ఊపారు.

కిందటి మే నెలలో హైమావతికి ఇంటింటి సర్వే పని వేశారు. మూడో రోజు మధ్యాహ్నం ఆవిడ పైవాళ్ళకు ఫోను చేసి, కళ్ళు తిరుగుతున్నాయి, మిగిలిన ఇళ్ళు రేపు పొద్దున్నే చూస్తానని అడిగింది. రేపటికి రేపటి ఇళ్ళు ఉన్నాయని అటువైపు నుంచి చెప్పారు. ఆవిడ రెండు ఇళ్ళు చూసి, మూసి ఉన్న ఒక ఎరువుల కొట్టు అరుగు మీద కూర్చుంది. మళ్ళీ లేవలేదు. వడదెబ్బ అని రాయడానికి వీల్లేదన్నారు. ఉష్ణోగ్రత కొలిచే కేంద్రం వేరే ఊళ్ళో ఉంది, ఆ రోజు అక్కడ వాన పడింది. గుండె ఆగడం వల్ల అని రాసి ఇచ్చారు. అందులో అబద్ధం లేదు.

గుమాస్తా జ్వరం తుపాకీతో బడిలోని గోడలన్నిటికీ గురిపెట్టుకుంటూ వెళ్ళి, ఏడో తరగతి గది దగ్గర ఆగి, ఇదేనండి అన్నాడు. బడి మొత్తానికి మందపాటి రాతిగోడలూ సున్నపు మిద్దే ఉన్న గది అదొక్కటే. ఒకప్పుడు అది స్టాఫ్ రూము. ఏడో తరగతిలో పిల్లలు ఎక్కువ, చిన్నవాళ్ళు అని చెప్పి, తోటి టీచర్లందరితో చెడి మరీ ఆ గదిని వాళ్ళకు ఇప్పించింది హైమావతి. ఆమె పోయాక స్టాఫ్ రూమును తిరిగి అడగడానికి ఎవరికీ నోరు రాలేదు.

వైకుంఠరావు గారికి నోరు వచ్చింది. బోర్డు ఆ గదిలోకి వెళ్ళింది. ఏడో తరగతి, మధ్యాహ్న భోజనాల వంటగది వెనక ఉన్న రేకుల షెడ్డులోకి వెళ్ళింది. గదికి ఫ్యాను వచ్చింది, కిటికీలకు వట్టివేళ్ళ తడికలు వచ్చాయి. పూటపూటా వాటిని తడపడానికి మస్తాన్‌వలిని నియమించారు.

పిల్లలు కూడా ఓ మూల కూర్చుంటారని తులసీబాయి గారు అడిగి చూశారు. వైకుంఠరావు గారు విచారంగా నవ్వారు. ఒక్కో విద్యార్థి నిలువెత్తు బల్బుతో సమానమని, సగటున వంద వాట్ల వేడిని నిరంతరాయంగా విడుదల చేస్తాడని, అందులోనూ ఏడో తరగతి వయసువాళ్ళు కుదురుగా ఉండరు కనుక ఇంకా ఎక్కువని వివరించారు.

"టీవీ గూడా కాగుద్ది గదండీ," అన్నారు తులసీబాయి గారు.

"టీవీ బోర్డుకు అనుబంధ పరికరం మేడం. అనుబంధ పరికరాల వేడి లెక్కలోకి రాదు. పైగా బోర్డును దాని అనుబంధ పరికరాల నుండి ఎట్టి పరిస్థితులలోనూ వేరు చేయరాదు. ఇది మూలసూత్రం."

గుమాస్తా మూలసూత్రం రాసుకున్నాడు. మాస్టారు కూడా విన్నారు.

ఆ తర్వాత ఆదేశాలు ఎండతో పోటీపడి వచ్చాయి. పిల్లలు బోర్డును కిటికీలోంచి చూడవచ్చు. చూసేటప్పుడు ఊపిరి వదలరాదు, ఊపిరిలో వేడీ తేమా ఉంటాయి. దీవెన బుగ్గలు పూరించి చూసి వచ్చి, లోపల ఏమీ కదలడం లేదని తరగతికి చెప్పింది. ఒంటిపూట బడులు పెట్టినప్పుడు బోర్డుకూ ఒంటిపూట ఇచ్చారు. పిల్లల ఒంటిపూట మధ్యాహ్నం దాటాక ముగిసేది. బోర్డుది పదింటికే ముగిసేది, దాని తట్టుకునే శక్తి వేరు. ఉగాది నాటికి జిల్లా మొత్తం పరిశీలించి విభాగం ఒక శాస్త్రీయ సత్యాన్ని కనిపెట్టింది: చెడిపోయిన బోర్డులన్నీ, ఒక్కటి కూడా మినహాయింపు లేకుండా, ఎప్పుడో ఒకప్పుడు స్విచ్చి వేసినవే. స్విచ్చి వేయని బోర్డు చెడిన దాఖలా లేదు. కనుక విశ్వసనీయత కాపాడే నిమిత్తం బోర్డులకు స్విచ్చి వేయరాదని ఆదేశించారు. ఫ్యాను మాత్రం ఆపరాదు. ఆ నెల నాపరాళ్ళపాడు బోర్డు విశ్వసనీయతలో నూటికి నూరు తెచ్చుకుని జిల్లాకు మొదటి స్థానంలో నిలిచింది. అభినందన పత్రం బోర్డు పేరు మీద వచ్చింది. దాన్ని బోర్డుకు ఎదురుగా, దానికి కనిపించేలా తగిలించారు.

రేకుల షెడ్డులో ఏడో తరగతి నడుస్తోంది. పది దాటితే రేకులు టిక్కు టిక్కుమనేవి. పిల్లలు పలకలూ పుస్తకాలూ విసనకర్రలు చేసుకున్నారు. మాస్టారు పాఠాలన్నీ పొద్దున్నే చెప్పేసి, తర్వాత ఊరికే కథలు చెప్పేవారు, అవీ చిన్న గొంతుతో. ఒకరోజు పద్యం అప్పజెబుతూ నిలబడ్డ దీవెన మధ్యలో ఆగింది. ముక్కులోంచి రక్తం కారి గౌను మీద పడింది. పిల్ల తలవంచి ఆ మరక చూసుకుంటూ, కంగారు పడుతున్న మాస్టారికే సర్దిచెప్పింది.

"వేడి చేసింది సార్. అంతే."

ఆయన దీవెనను ఎత్తుకుని వరండా నీడకు తెచ్చి పడుకోబెట్టారు. కొట్టు అరుగు మీది నుంచి ఒక మనిషిని ఎత్తాల్సివచ్చిన చేతులవి. బీరువా తెరిపించి, బోర్డు పేరు మీద వచ్చిన ప్యాకెట్లలో ఒకటి చింపి నీళ్ళలో కలిపారు.

"అది బోర్డుది సారూ," అన్నాడు మస్తాన్‌వలి బెంగగా. "లెక్క అడుగుతారు."

"బోర్డు తాగిందని చెప్పు."

మస్తాన్‌వలి కాసేపు ఆలోచించి, మిగిలిన పిల్లలకూ కలపమంటారా, దానికి దాహం ఎక్కువేనని చెబుతానన్నాడు.

ఆ మధ్యాహ్నమే మాస్టారు జిల్లాకు రాశారు. ఏడో తరగతి పిల్లలకు వేడి చేయుచున్నది, మే నెల ముందుంది, పరీక్షల వరకైనా వారి గది వారికి ఇప్పించవలసింది. వైకుంఠరావు గారి విభాగం నుంచి మర్యాదగానే జవాబు వచ్చింది. పిల్లలు ఉపకరణాలు కానందున వారి వేడి తమ పరిధిలోకి రాదు. ఆరోగ్య కేంద్రానికి రాస్తే, బడివేళల్లో పిల్లలు విద్యాశాఖవారి సొత్తు అన్నారు. విద్యాశాఖవారు, పిల్లల వేడి కొలిచే పరికరమేదీ తమకు సరఫరా కాలేదు కనుక పిల్లలకు వేడి ఉన్నదీ లేనిదీ చెప్పలేమన్నారు. మూడు జవాబులూ చదివి తులసీబాయి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నేను తలుపు తాళం తీస్తా మాస్టారూ, మీరు పిల్లల్ని కూర్చోబెట్టండి. నన్ను సస్పెండ్ చేసుకోమనండి."

మాస్టారు వద్దన్నారు. ఈవిడను సస్పెండ్ చేసి, వచ్చే ఇంకొకరితో మళ్ళీ ఆ పిల్లలను షెడ్డులోకే పంపుతారని ఆయనకు తెలుసు. రేపు చూద్దామన్నారు.

మర్నాడు షెడ్డులో ఆయన బోర్డు మీద రాస్తుంటే సుద్దముక్క జారింది. షెడ్డులోది, తరగతితో పాటు గదిలోంచి తెచ్చి మూడు కాళ్ళ స్టాండు మీద నిలబెట్టిన పాత చెక్క బోర్డు. రేకుల సెగకు దాని నల్లరంగు మెత్తబడి, సుద్ద అంటడం మానేసింది. ఆయన మళ్ళీ రాశారు. మళ్ళీ జారింది.

"సార్," అంది మొదటి వరుసలోంచి దీవెన, "బోర్డుకు గూడా వేడి చేసింది."

పిల్లలు నవ్వారు. మాస్టారు నవ్వలేదు. సుద్దముక్క స్టాండు మీద పెట్టేశారు. తర్వాత హెడ్మిస్ట్రెస్ గదికి వెళ్ళి, వచ్చిన ఆదేశాలన్నీ వరసగా పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివారు. ఆయన నివేదికను చూసి రాసినవి కాబట్టి అన్నిటిలోనూ ఆయన మాటే ఉంది: బోర్డు. బోర్డు అనగా ఏమిటో ఎక్కడా లేదు.

ఆయన ఇలా రాశారు: "మా పాఠశాల రేకుల షెడ్డులో మరియొక బోర్డు కలదు. దానికి తీవ్రముగా వేడి చేయుచున్నది. పూర్తిగా పనిచేయుట మానినది." ఒకటికి రెండుసార్లు చదువుకున్నారు. అన్నీ నిజాలే. సంతకం పెట్టారు.

జవాబు ఆ రోజే వచ్చింది, ఫోనులో. జిల్లాకు మొదటి స్థానం తెచ్చిన బడిలో, ఎవరి లెక్కలోనూ లేని బోర్డు ఒకటి రేకుల కింద పడి ఉండడం విభాగాన్ని కలవరపెట్టింది. దాన్ని తక్షణం చల్లని గదిలోకి మార్చాలి, అనుబంధ పరికరాలతో సహా, ఒక్కటి కూడా తగ్గకుండా. పరిశీలనకు తాము స్వయంగా వస్తున్నాము.

ఏడో తరగతి పిల్లలు స్టాండును తలా ఒక చెయ్యి వేసి మోశారు. గదిలోకి వెళ్ళగానే ఫ్యాను కింద నిలబడి, తల వెనక్కి వాల్చి, ఎవరూ చెప్పకుండానే కళ్ళు మూసుకున్నారు. చిన్న బోర్డును టీవీతో సహా కిటికీ గూట్లోకి జరిపారు. దాని అభినందన పత్రం కూడా జరిపారు.

వైకుంఠరావు గారు గుమ్మంలోనే ఆగిపోయారు. ఎదురుగా స్టాండు మీద నల్లబల్ల, దాని ముందు వరసగా పిల్లలు. ఆయన దాన్ని చూశారు. మాస్టారి వైపు చూశారు. మళ్ళీ దాన్ని చూశారు. ఆయన మొహం మీద ఒక రంగు వచ్చి పోయింది. రెండో బోర్డును విభాగం సకాలంలో కనిపెట్టి రక్షించిన వైనం ఆ పొద్దున్నే ఆయన రాజధానికి రాసి పంపారు. పైవారు మెచ్చుకున్నారు కూడా.

"ఇది," అన్నారు ఆయన చివరికి, గొంతు సవరించుకుని, "పెద్ద తెర రకం."

గుమాస్తా రాసుకుని, జ్వరం తుపాకీ గురిపెట్టి, చల్లగానే ఉందండి అన్నాడు. వైకుంఠరావు గారు కుర్చీ తెప్పించుకుని పరిశీలన మొదలుపెట్టారు. ఈ బోర్డు ఎన్నాళ్ళుగా పనిచేస్తోంది? బడి పెట్టినప్పటి నుంచీనని మాస్టారు చెప్పారు. కరెంటు పోయినప్పుడు? తేడా ఏమీ ఉండదు. నిర్వహణ? ఏడాదికోసారి గుంటగలగరాకు, బొగ్గు కలిపి రుద్దుతాం. ఆయుర్వేద నిర్వహణ అని రాయించారు ఆయన. జ్ఞాపకశక్తి? తుడిచేదాకా ఉంటుంది. ఇంతకు ముందెన్నడైనా ఆగిపోయిందా? లేదు. వైకుంఠరావు గారికి క్రమంగా ఉత్సాహం వచ్చింది. రాష్ట్రంలో ఇంత విశ్వసనీయమైన ఉపకరణం ఇంకొకటి ఉండదని, ఇటువంటివి ప్రతి బడికీ ఒకటి సరఫరా చేయించాలని సిఫారసు చేస్తానని అన్నారు. అనుబంధ పరికరాలు ఏవని అడిగారు.

"సుద్దముక్కలు, తుడిచే గుడ్డ," అన్నారు మాస్టారు. కాస్త ఆగి, "పిల్లలు" అన్నారు.

దీవెన ఊపిరి బిగపట్టింది, ఈసారి ఆదేశం లేకుండానే. పిల్లలు లేకపోతే బోర్డు పనిచేయదా అని వైకుంఠరావు గారు అడిగారు. చేయదండీ, ఎవరికి చేస్తుంది అన్నారు మాస్టారు. మూలసూత్రం ఆయనదే. వేరు చేయరాదన్నది ఆయన మాటే, వేడి లెక్కలోకి రాదన్నదీ ఆయన మాటే. పిల్లలను కాదంటే నల్లబల్లను కాదనాలి. నల్లబల్లను కాదంటే రాజధానికి మళ్ళీ రాయాలి.

"రాసుకో," అన్నారు గుమాస్తాతో. "పిల్లలు, అనుబంధం."

తులసీబాయి గారు బయటికి వినిపించేంత ఊపిరి వదిలారు.

ఇక లేవబోతూ వైకుంఠరావు గారు చివరి అంశం చదివారు. "గత వేసవిలో వేడి కారణంగా కోల్పోయిన అనుబంధ పరికరాలు. లేవని రాసెయ్."

"ఉన్నాయండీ," అన్నారు పున్నారావు మాస్టారు.

"ఎన్ని?"

"ఒకరు."

వైకుంఠరావు గారు నవ్వారు. "తమరు తెలుగు పండితులు. ఒకటి అనాలి గదా మాస్టారూ."

"ఒకరేనండీ."

తులసీబాయి గారు కిటికీ దగ్గరకు వెళ్ళి, బాగానే ఉన్న తడికను సర్దుతూ అటు తిరిగి నిలబడ్డారు.

"సరే, సరే. ఇంతకీ ఏ పరికరం అది? ఏం చేసేది?"

మాస్టారు బోర్డు వైపు చూశారు. దాని కుడివైపు అంచున చెక్క కాస్త అరిగి ఉంది. లెక్క పూర్తయ్యాక అక్కడ చెయ్యి ఆనించి పిల్లల వైపు తిరగడం ఒకరి అలవాటు.

"లెక్కలు చెప్పేది."

"క్యాలిక్యులేటరు," అన్నారు వైకుంఠరావు గారు గుమాస్తాతో. "ఒకటి. కారణం, వేడి."

గుమాస్తా రాశాడు. వైకుంఠరావు గారు సంతకం పెట్టారు. ముద్ర వేశారు. హైమావతి పోయింది వేడి వల్లనేనని సర్కారు ఒప్పుకుని ముద్ర వేయడం అదే మొదలు.

కారు వెళ్ళిపోయింది. పిల్లలు పాఠం కోసం చూస్తున్నారు. దీవెన లేచి నిలబడి, సార్, ఇంతకీ ఒకటా, ఒకరా అని అడిగింది.

మాస్టారు సుద్దముక్క తీసుకుని బోర్డు మీద "ఒకరు" అని రాశారు. బోర్డు చల్లగా ఉంది. అక్షరాలు బాగా పడ్డాయి.